వినుటయు విధేయతయు: సౌలు రాజు చరిత్రము

అమరసింహుడు విశేష్యనిఘ్నవర్గమునందు ‘విధేయ’, ‘ఆశ్రవ’ శబ్దములను పర్యాయపదములుగా జెప్పియున్నాడు. రెండును ఒక్క గుణమునకే పేరులైనను వాని పుట్టుకలు వేఱు. విధేయుడనగా ఒకరు విధించినట్లు నడువదగినవాడు, ఆశ్రవుడనగా వినువాడు. మొదటి పదమున ఆజ్ఞాపించువాని హస్తము గనబడును. రెండవ పదమున ఆజ్ఞ నందుకొనువాని చెవి గనబడును. తెలుగువారి నిత్యవ్యవహారము రెండవ త్రోవనే పట్టినది. మాట వినువాడు, మాట విననివాడు, చెప్పినది పెడచెవిని బెట్టినవాడు అను పలుకుబళ్లలో నెక్కడను అధికారమను మాట లేదు, వినుటయే కలదు. శుశ్రూషా శబ్దమునకు సైతము వినగోరుట యనునదియే మొదటి యర్థము. పరిచర్య యను నర్థము తరువాత గలిగినది.

ఈ విషయమున హీబ్రూభాష తెలుగునకు మిక్కిలి దగ్గఱ. యూదుల ప్రాచీనగ్రంథములందు, అనగా క్రైస్తవులు పాతనిబంధన యని వ్యవహరించు భాగమునందు, ఆజ్ఞకు లోబడుటను దెలుపుటకు సాధారణముగా వాడబడు క్రియ ‘షామా’. దాని యర్థము వినుట. ‘కోల్’ అనగా ధ్వని, స్వరము. ఒకని కోల్‌ను వినుట యనగా వాని మాట చొప్పున నడచుట. చెవిని బడుటకును, మనసున నాటుటకును, చేతలో దేలుటకును ఆ భాష ఒక్క క్రియతోనే పని జరుపుకొనును. ఈ గ్రంథములను గ్రీకులోనికి దెచ్చినవారు పెక్కుచోట్ల ఆ వినికిడిని నిలుపుకొనిరి. లాటినులోనికి మార్చిన జెరోము వాడిన ‘ఒబోయెదియెంషియా’ యను శబ్దమును వినుట యను ధాతువునుండి పుట్టినదే; కాని వాడుకలో ఆ పుట్టుక మఱుగుపడి లోబడుటయే మిగిలెను. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు అనువాదమునకు జేరినది ఆ లాటిను మాటయొక్క సంతతియే. ఇట్లు చెవి మఱుగై చేయి పైకి వచ్చినది.

దీనివలన గలిగిన నష్టము సమూయేలు మొదటి గ్రంథమునందలి సౌలు రాజు చరిత్రమున స్పష్టముగా గాననగును. అధికారమునకు లోబడవలెననియు, లోబడనివారికి గీడు మూడుననియు బోధించువారు తఱచుగా జూపు కథలలో నిది యొకటి. అయితే ఆ కథలో మాట విననివాడని నిందింపబడినవాడు ప్రజలలోనివాడు కాడు, రాజు. ఈ యొక్క సంగతిని మఱచుటచే కథ యంతయు దలక్రిందులైనది.

సౌలు రంగమునకు రాకమునుపే గ్రంథము ‘వినుట’ యను మాటకు బీజము నాటినది. షిలోహునందలి దేవాలయమున ఏలీ యనువాడు యాజకుడు. వాని కుమారులు బలిమాంసమును దేవునికంటె ముందుగా దాము లాగుకొనుచు, తండ్రి స్వరమును వినరైరి. ఆ యాలయముననే పెరుగుచున్న బాలుడు సమూయేలు ఒకనాటి రాత్రి తన్నెవరో పిలిచినట్లు విని, ఏలీ పిలిచెననుకొని మూడుమాఱులు పరువెత్తిపోయెను. మూడవమాఱు వృద్ధునకు సంగతి బోధపడి, మరల బిలుపు వచ్చినచో నీ సేవకుడు వినుచున్నాడని చెప్పుమని నేర్పి పంపెను. ఆ బాలుడు విన్నది ఏలీ వంశనాశనమును గూర్చిన తీర్పు. తెల్లవాఱిన పిదప వాడు భయపడి చెప్పక యుండగా ఏలీ యొత్తిడిజేసి యడిగెను. వాడు దాపఱికము లేక యంతయు జెప్పెను. గురువు పతనమును గురువునకే చెప్పవలసివచ్చుట ఆ బాలునికి మొదటి పాఠము. వినుట యనగా పెద్దల యెదుట దలయూచుట కాదని గ్రంథము ఇక్కడనే తెలుపుచున్నది.

సమూయేలు వృద్ధుడైన పిమ్మట వాని కుమారులు బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచములు దినిరి. ఏలీ కుమారుల గతిని స్వయముగా విన్నవాని యింటనే యిట్లు జరిగినది. గ్రంథకర్త దీనిని దాచనులేదు, దీనిపై వ్యాఖ్యానింపనులేదు. పెద్దలు రామాకు వచ్చి, ఇతరజనములకు వలె దమకును రాజు గావలెనని కోరిరి. సమూయేలునకు గష్టము దోచెను. దేవుడు వానితో జనుల స్వరమును వినుమని ఆ యధ్యాయమున మూడుమాఱులు చెప్పినట్లున్నది. అయినను రాజెట్టివాడగునో ముందుగా దెలుపుమనెను. సమూయేలు దెలిపిన పట్టిక నేటికిని చదువదగినది. కుమారులను రథములకును గుఱ్ఱములకును, దున్నుటకును, కోతకును, ఆయుధములు చేయుటకును దీసికొనును. కుమార్తెలను బరిమళద్రవ్యములు చేయుటకును వంటకును రొట్టెలకును దీసికొనును. మంచి పొలములను, ద్రాక్షతోటలను, ఒలీవతోపులను దన సేవకుల కిచ్చును. ధాన్యమున బదియవ పాలు గొనును. తుదకు మీరే వానికి దాసులగుదురు. జనులు సమూయేలు స్వరమును వినమనిరి.

రాచరికము పుట్టిన యీ ఘట్టమున రాజు మాట వినవలెనను విధి యెక్కడను గానరాదు. జనులు ప్రవక్త మాట వినకపోవుటయు, దేవుడు జనుల మాట వినుటయు మాత్రమే కలవు. తరువాత సమూయేలు తన యధికారమును విడుచుచు జేసిన ప్రసంగమున, జనులును వారి నేలు రాజును గూడ దేవుని స్వరము వినవలెననియు, వినకున్న నిరువురును నశింతురనియు జెప్పెను. ద్వితీయోపదేశకాండము రాజునకు విధించిన నియమములును ఇట్టివే: గుఱ్ఱములను, భార్యలను, వెండిబంగారములను విస్తరింపజేసికొనరాదు, ధర్మశాస్త్రమునకు బ్రతి వ్రాసికొని యావజ్జీవము చదువవలెను, తన సహోదరులపై మనసున గర్వింపరాదు. చుట్టునున్న ప్రాచీనరాజ్యములలో రాజే ధర్మశాసనములను వెలువరించుచుండగా, ఇక్కడ రాజునకు లేఖకుని పని యొప్పగింపబడినది.

సౌలు బెన్యామీను గోత్రమున గీషు కుమారుడు. జనులందఱికంటె భుజములు మొదలుకొని పొడవైనవాడు. తప్పిపోయిన గాడిదలను వెదకబోయి రాజ్యమును బొందినవాడు. హీబ్రూలో ‘షాఉల్’ అనగా అడుగబడినవాడు. జనులు రాజు నడిగిరి, అడుగబడినవాడు వచ్చెను. రాజైన క్రొత్తలో వాడొకనాడు పొలమునుండి యెడ్లవెంట వచ్చుచు, జనులేడ్చుచుండగా గారణ మడిగెను. అమ్మోనీయుడైన నాహాషు యాబేష్గిలాదును ముట్టడించి, ఊరివారందఱి కుడికన్నులను బెఱికివేయుదునని చెప్పి పంపెనట. సౌలా మాటలు వినగానే లేచి సేనను గూర్చి యా యూరిని విడిపించెను. తన్ను మొదట దిరస్కరించినవారిని జంపుదమని కొందఱు తొందరించిరి. ఈ దినమున నెవనిని జంపగూడదని వాడు వారించెను. వాని చరిత్రములో కల్మషము లేని దినమిది యొక్కటియే యనవచ్చును. అది వినుటతోనే మొదలైనది.

తప్పు గిల్గాలున మొదలయ్యెను. ఏడు దినములు వేచియుండుము, నేను వచ్చి బలి యర్పింతునని సమూయేలు చెప్పెను. ఫిలిష్తీయులు మిక్మషున గుమిగూడిరి. సౌలు సైనికులు గుహలలోను, పొదలలోను, గోతులలోను దాగజొచ్చిరి. ఏడవ దినము వచ్చెను గాని సమూయేలు రాలేదు. సౌలు తానే బలి యర్పించెను. ముగించుచుండగానే సమూయేలు వచ్చెను. రాజ్యము నీ వంశమున నిలువదని తీర్పు. వానియొద్ద మిగిలిన సైన్యము 600. ఈ ఘట్టమున చదువరి సానుభూతి సౌలుమీదికి బోవుట సహజము. ఆలస్యము ప్రవక్తది, అపాయము రాజుది. గ్రంథము దీనిని సరిగా సమర్థించినట్లు దోపదు. పదమూడవ యధ్యాయమునను, పదునైదవ యధ్యాయమునను సౌలు తిరస్కారము రెండుమాఱులు చెప్పబడుటచే ఇవి వేర్వేఱు మూలములనుండి వచ్చి యొకచోట గూర్పబడినవని పండితులు పెక్కురు తలంచిరి. ద్వితీయోపదేశకాండము మొదలుకొని రాజుల చరిత్రమువఱకును ఒక సంపాదకుని కూర్పని జర్మనుపండితుడు మార్టిన్ నోత్ 1943లో బ్రతిపాదించెను. ఏ మూలమునుండి వచ్చినను, కూర్చినవాడు రెండింటి నడుమ మఱియొక కథను జొప్పించినాడు. అది యోనాతాను తేనె కథ. ఈ చరిత్రమునకు దాళపుచెవి.

యుద్ధదినమున సౌలు తన సైన్యముచే నొట్టు పెట్టించెను: సాయంకాలమువఱకు ఏమైనను దినినవాడు శాపగ్రస్తుడు. సైనికులు సొమ్మసిల్లిరి. అడవిలో దేనె కాఱుచుండెను. ఎవడును జేయి నోటికి దీసికొనిపోలేదు. వాని కుమారుడు యోనాతాను, తండ్రి పెట్టించిన యొట్టును విననివాడు, చేతికఱ్ఱకొనను దేనెపట్టులో ముంచి నోట బెట్టుకొనెను. వాని కన్నులు తేటపడెను. ఇక్కడ ‘వినలేదు’ అను క్రియ అదే షామా. అయితే యిక్కడ దాని యర్థము చెవిని బడలేదనుట మాత్రమే. సంగతి తెలిసిన పిదప యోనాతాను తండ్రి దేశమును గష్టపెట్టెనని నిర్మొగమాటముగా జెప్పెను. సాయంకాలము ఆకలిగొన్న సైనికులు రక్తము పోకమునుపే మాంసమును దినిరి. ఒక మానవాజ్ఞ దేవుని యాజ్ఞను మీఱుటకే కారణమైనది. చీటి వేయగా యోనాతాను పేర వచ్చెను. సౌలు కుమారుని జంపుటకు సిద్ధపడెను. అప్పుడు జనులు వాని తలవెండ్రుక యొకటియు నేలరాలగూడదని రాజున కడ్డమువచ్చి యోనాతానును విడిపించిరి.

ఇది స్పష్టమైన రాజాజ్ఞోల్లంఘనము, అదియు సేనయందు, శత్రువు సమీపముననుండగా. గ్రంథము దీనికి శిక్ష చెప్పలేదు. ఒక్క నిందావాక్యమైనను లేదు. జనుల స్వరమును వినుట యెల్లప్పుడును దోషము కాదని దీనివలన దేలుచున్నది. తరువాతి యధ్యాయమున నదియే సౌలునకు దోషమగును. ఎవరి స్వరమును, ఎప్పుడు, దేనికొఱకు వినవలెనను ప్రశ్నయే ఈ చరిత్రమంతటిని నడుపుచున్నది.

పదునైదవ యధ్యాయము సమూయేలు రాజుతో ‘వినుము’ అనుటతో మొదలగుచున్నది. ఐగుప్తునుండి వచ్చునప్పుడు ఇశ్రాయేలీయులను దారిలో గొట్టిన అమాలేకీయులను నిశ్శేషముగా నాశనము చేయవలెను. పురుషులను, స్త్రీలను, బిడ్డలను, చంటిపిల్లలను, పశువులను విడువరాదు. సౌలు కాల్బలము 2,00,000నూ, యూదావారిని 10,000నూ లెక్కించినట్లు గ్రంథము చెప్పుచున్నది. పూర్వము మేలుచేసిన కేనీయులను ముందుగా దప్పుకొండని హెచ్చరించెను. అమాలేకీయులను గొట్టెను. రాజైన అగగును మాత్రము ప్రాణముతో బట్టెను. గొఱ్ఱెలలోను ఎడ్లలోను క్రొవ్వినవానిని మిగుల్చుకొనెను. నీచమైనవానిని నాశనము చేసెను. మంచివానిని నాశనము చేయుటకు సౌలును జనులును సమ్మతింపలేదని మూలము. ఈ ‘సమ్మతింపలేదు’ అను క్రియ ఇంకను రెండుచోట్ల రానున్నది.

సమూయేలు రాత్రియంతయు మొఱపెట్టెను. ఉదయమున సౌలును జూడబోగా, వాడు కర్మెలున దనకొఱకు జయచిహ్నము నిలుపుకొని గిల్గాలునకు వెడలెనని తెలిసెను. ఎదురుపడగానే సౌలే ముందుగా బలుకరించి, దేవుని యాజ్ఞను నెఱవేర్చితిననెను. అట్లయిన నా చెవులబడుచున్న యీ గొఱ్ఱెల కోల్ ఏమి, నేను వినుచున్న యీ యెడ్ల కోల్ ఏమి యని సమూయేలు ప్రశ్న. దేవుని కోల్‌ను విననివానిని పశువుల కోల్ పట్టియిచ్చినది. ఈ చమత్కారము అనువాదములలో నరపులుగాను, రంకెలుగాను మాఱి జాఱిపోవుచున్నది. తెలుగున నైనను ‘మాట వినుట’ యొకటి, ‘అఱపు వినుట’ యొకటియై రెండును ఒకే క్రియపై నిలుచుటచే మనకు గొంత దక్కును.

సౌలు ప్రత్యుత్తరములు మెట్లు మెట్లుగా దిగజాఱుచున్నవి. మొదట మిగుల్చుకొన్నవారు జనులు, అదియు నీ దేవునికి బలి యిచ్చుటకే యనెను. ‘నీ దేవునికి’ అనుట గమనింపదగినది. పిదప దేవుని స్వరమును వింటిననెను. అప్పుడు సమూయేలు, బలులకంటె వినుట మేలనియు, పొట్టేళ్ల క్రొవ్వుకంటె జెవియొగ్గుట మేలనియు, తిరుగుబాటు సోదె యడుగు పాపముతో సమానమనియు దీర్పు చెప్పెను. తుదకు సౌలు నిజమును బలికెను: జనులకు జడిసి వారి స్వరమును వింటిని. ఆజ్ఞలు చేయువాడు ఆజ్ఞ మీఱుటకు జెప్పిన కారణము భయము. నీ దృష్టికి నీవు అల్పుడవైయున్నను గోత్రములకు శిరస్సువు కాలేదా యని సమూయేలు అంతకుమునుపే యడిగియున్నాడు. జనులు యోనాతానుకొఱకు అడ్డమువచ్చినప్పుడు వారి స్వరము న్యాయస్వరము. క్రొవ్విన గొఱ్ఱెలకొఱకు వచ్చినప్పుడది దోపుడుసొమ్ముపై నాశ. రెండింటిని వేఱుచేయలేనివాడు రాజుగా బనికిరాడని గ్రంథకర్త యభిప్రాయము.

అయినను ఈ కథను జదువు నేటివాని మనస్సు గొఱ్ఱెలకడ నాగదు, చంటిపిల్లలకడ నాగును. ఆజ్ఞయే యిట్టిదైనప్పుడు దానిని సగము నెఱవేర్చుట దోషమా, పూర్తిగా నెఱవేర్చుట దోషమా? ప్రాచీనయుద్ధాచారమని చెప్పి తప్పించుకొనుటకు గొంత యాధారము లేకపోలేదు. 1868లో దీబానున దొరకిన మోయాబురాజు మేషా శిలాశాసనమున, వాడు నెబో యను పట్టణమున 7,000 మందిని దన దేవతకు ఇదే ధాతువుతో జెప్పబడు విధమున సమర్పించి చంపితినని చెప్పుకొనియున్నాడు. కావున నీ యాచారము ఒక్క జాతిది కాదు. కాని యాచారమనుట సమాధానము కాదని ప్రాచీనులైన యూదపండితులే యెఱుగుదురు. తాల్ముదునందలి యోమా ప్రకరణమున సౌలు దేవునితో వాదించినట్లు చెప్పబడినది: ఒక్కడు చంపబడి పడియున్ననే పెయ్య మెడ విఱిచి ప్రాయశ్చిత్తము చేయుమని ధర్మశాస్త్రము చెప్పగా, ఇందఱకు నెంత ప్రాయశ్చిత్తము గావలెను, పెద్దలు తప్పుచేసిన బిన్నలేమి చేసిరి, మనుష్యులు తప్పుచేసిన బశువులేమి చేసినవి? అప్పుడు మితిమీఱిన నీతిమంతుడవు గావలదని యాకాశవాణి పలికెనట. తరువాత నోబునందు యాజకులను జంపించినప్పుడు మితిమీఱిన దుష్టుడవు గావలదని యదే వాణి పలికెనట. ఈ వ్యాఖ్య ప్రశ్నను దీర్పదు. కాని ప్రశ్న నడుగుట దోషము కాదని యొప్పుకొని, దానిని రాజు నోటనే బెట్టినది. మూలకథలో సౌలునకు దయయు లేదు, ప్రశ్నయు లేదు. వాడు విడిచినది బిడ్డలను గాదు. రాజును, క్రొవ్విన పశువులను.

సమూయేలు తీర్పునుండి తిరుగుబాటును గూర్చిన ముక్కను మాత్రము విడదీసి, ఇంగ్లండునందలి రాజపక్షపు బోధకులు ప్రజలమీద బ్రయోగించుట పరిపాటియైనది. రాజునకు జెప్పబడిన మాట రాజు చేతి కఱ్ఱయైనది. ఎనిమిదవ యధ్యాయమునందలి పట్టికకును ఇదే గతి పట్టినది. స్కాట్లండురాజు ఆఱవ జేమ్సు 1598లో బ్రకటించిన రాచరికధర్మగ్రంథమున, సమూయేలు చెప్పినవి రాజు హక్కులనియు, ప్రజలు సహింపవలసినవే యనియు వాదించెను. ఆ జేమ్సే 1603లో ఇంగ్లండునకు రాజై, 1611నాటి అనువాదమునకు బోషకుడయ్యెను. మిల్టను 1651లో లాటినున వ్రాసిన ప్రజాపక్షసమర్థనమున అది హక్కుల పట్టిక కాదు, హెచ్చరిక యనెను. 1776లో టామస్ పెయిను అమెరికాలో వలసప్రజలకొఱకు వ్రాసిన కరపత్రమున నిదే యధ్యాయమును రాచరికమునకు విరుద్ధముగా నెత్తిచూపెను. మూలము ఒక్కటే, చదివినవాడెక్కడ నిలిచియుండెనో దానినిబట్టి యర్థము మాఱినది. అయితే రెండు పాఠములును సమానమనుట సరికాదు. పట్టిక ముగియుచోట, ఆనాడు మీ రాజునుబట్టి మొఱపెట్టుదురనియు, దేవుడు మీకు బదులీయడనియు గలదు. హక్కుల నుపదేశించువాడు మొఱను గూర్చి యేల చెప్పును?

క్రొత్తనిబంధనలో పౌలు రోమా సంఘమునకు సుమారు క్రీ.శ. 57లో వ్రాసిన లేఖయందలి పదమూడవ యధ్యాయమును గూడ నిక్కడ స్మరింపవచ్చును. పైయధికారులకు లోబడుడని చెప్పుచోట పౌలు వాడిన గ్రీకుక్రియకు వినుటతో సంబంధము లేదు. క్రమమున క్రింద నిలుచుట యని దాని యవయవార్థము. వినుటనుండి పుట్టిన వేఱు పదము గ్రీకున గలదు. పౌలు విశ్వాసమును గూర్చి చెప్పునప్పుడు దానిని వాడుచునే యున్నాడు. అమరసింహుని రెండు పదముల భేదము వంటిదే యిది. మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని పేతురు న్యాయసభలో బలికిన మాట అపొస్తలుల కార్యములలో గలదు. రెండును ఒక సంపుటమున గుట్టబడియుండగా, పాలకులు మొదటి పుటనే యెక్కువగా దెఱచిరి.

రాజాజ్ఞను మీఱుటను గూర్చి సమూయేలు గ్రంథమేమి తలంచునో నోబు కథ తేటగా జెప్పుచున్నది. దావీదు పారిపోవుచు నోబునకు రాగా, యాజకుడైన అహీమెలెకు వాడు రాజు పనిమీద వచ్చెనని నమ్మి రొట్టెయు ఖడ్గము నిచ్చెను. సౌలు గిబియాలో పిచులవృక్షము క్రింద ఈటె చేతబట్టి కూర్చుండి, యాజకులను రప్పించి, చంపుడని తన కావలివారి కాజ్ఞాపించెను. రాజసేవకులు యాజకులమీద జేయి యెత్తుటకు సమ్మతింపలేదు. అగగుకథలో వచ్చిన క్రియయే యిది. అప్పుడు రాజు ఎదోమీయుడైన దోయేగుతో జెప్పెను. వాడు చెప్పినట్లు వినెను. ఆ దినమున జచ్చిన యాజకులు 85. పిదప నోబు పట్టణమున పురుషులు, స్త్రీలు, బిడ్డలు, చంటిపిల్లలు, ఎడ్లు, గాడిదలు, గొఱ్ఱెలు కత్తివాత బడినవి. అమాలేకీయులను గూర్చిన యాజ్ఞలోని పట్టికయే మరల వచ్చినది. శత్రువుల క్రొవ్విన గొఱ్ఱెలను మిగుల్చుకొన్నవాడు స్వజనుల గొఱ్ఱెలను మిగుల్పలేదు. ఇందు రాజాజ్ఞకు సంపూర్ణముగా విధేయుడైనవాడు దోయేగు ఒక్కడే. వాని పేరు తరతరములకు నిందాపాత్రమైనది. చేయి యెత్తనివారి పేరులను గ్రంథము చెప్పలేదు. వారికి శిక్ష కలిగినట్లును జెప్పలేదు.

యూదులు పూరీము పండుగకు ముందటి విశ్రాంతిదినమున సౌలు-అగగు కథను సమాజమందిరములలో జదువుదురు. పండుగకు మూలమైన ఎస్తేరు గ్రంథమున హామాను అగగు వంశస్థుడుగాను, మొర్దెకై కీషు వంశస్థుడైన బెన్యామీనీయుడుగాను జెప్పబడుటయే దీనికి గారణము. ఆ మొర్దెకై రాజాజ్ఞను మీఱి హామానునకు మ్రొక్కనివాడు. సౌలు కథకు జోడుగా జనులు ఎన్నుకొన్న కథయందు రాజాజ్ఞను మీఱినవాడే నాయకుడు.

తుదకు ఫిలిష్తీయులు షూనేమున దిగగా సౌలు భయపడి దేవుని నడిగెను. ‘షాఉల్’ అడిగెననుటకు మూలమున వాడిన క్రియ వాని పేరునకు ధాతువే. స్వప్నముచేతగాని, ఊరీముచేతగాని, ప్రవక్తలచేతగాని బదులు రాలేదు. సోదెగాండ్రను దేశమునుండి వెడలగొట్టినవాడు తానే; మాఱువేషమున రాత్రి ఏన్దోరునకు బోయి సోదెకత్తెను సోదె చెప్పుమని యడిగెను. తిరుగుబాటును సమూయేలు దేనితో బోల్చెనో అచ్చటికే వాని కాళ్లు తీసికొనిపోయినవి. లేచివచ్చిన సమూయేలు క్రొత్తమాట యొకటియు జెప్పలేదు: దేవుని స్వరము వినవైతివి, రేపు నీవును నీ కుమారులును నాతో నుందురు. సౌలు నిలువునబడెను, పగలు రాత్రి యన్నము ముట్టనివాడు. అప్పుడా స్త్రీ వానికడకు వచ్చి, నీ దాసి నీ స్వరమును విన్నది, ప్రాణమును జేతబట్టుకొన్నది; ఇప్పుడు నీవును నీ దాసి స్వరమును విని యింత యాహారము దినుమనెను. మొదట నొల్లననెను. సేవకులును బ్రతిమాలగా వారి స్వరమును విని నేలనుండి లేచెను. ఆమె క్రొవ్విన దూడను గోసి, పులియని రొట్టెలు కాల్చి పెట్టెను. దేవుని స్వరమును, ప్రవక్త స్వరమును విననివాడు చివరి రాత్రి విన్నది తాను వెలివేసిన స్త్రీ స్వరమును. ఈ గ్రంథమున నిట్టి కరుణారసము మఱియొకచోట లేదనవచ్చును.

మఱునాడు గిల్బోవ కొండపై యుద్ధము చెడినది. యోనాతాను మొదలైన ముగ్గురు కుమారులు పడిరి. బాణములచే గాయపడిన సౌలు తన్ను బొడువుమని యాయుధవాహకునితో జెప్పెను. వాడు మిక్కిలి భయపడి సమ్మతింపలేదు. ఆ క్రియ వచ్చుట యిది మూడవసారి. రాజు తన కత్తిమీద దానే పడెను. సౌలును దానే చంపితినని చెప్పుకొని దావీదుకడకు గిరీటమును దెచ్చినవాడు అమాలేకీయుడని రెండవ గ్రంథపు మొదటి యధ్యాయము చెప్పుచున్నది.

ఫిలిష్తీయులు సౌలు తల గొట్టి, మొండెమును బేత్షాను ప్రాకారమునకు దగిలించిరి. ఆ సంగతి యాబేష్గిలాదువారు వినిరి. మూలమున నదే షామా. పరాక్రమవంతులందఱు లేచి రాత్రియంతయు నడచి, సౌలు శవమును, వాని కుమారుల శవములను ప్రాకారముమీదినుండి దింపి తెచ్చి, యాబేషున దహించి, ఎముకలను బిచులవృక్షము క్రింద బాతిపెట్టి, ఏడు దినము లుపవాసముండిరి. వారి నట్లు చేయుమని యాజ్ఞాపించినవా రెవరును లేరు.